విదేశములందలి అల్పసంఖ్యాకుల పీడనము: శాసనకర్తల ప్రతిస్పందన

నిర్వచనము, పరిధి

ఒక దేశపు చట్టసభల సభ్యులు, తమ శాసనము చెల్లని మరియొక దేశమున మతము, జాతి, భాష, వంశము అను కారణములచేత సంఖ్యాబలము లేని ప్రజలు పొందు హింసను, హక్కుల హరణమును, ఆస్తినష్టమును, నిర్వాసనమును గూర్చి తమ సభలో ప్రశ్న వేయుట మొదలుకొని చట్టము చేయుట వరకు సాగించు కార్యకలాపమంతయు ఈ శీర్షిక క్రిందికి వచ్చును. ప్రభుత్వములు నడపు రాయబారము ఇందు చేరదు. కాని ఆ రాయబారమును ప్రేరేపించుట, నిలదీయుట, ఒక్కొక్కప్పుడు దానికి అడ్డుపడుట శాసనకర్తల పనియే కావున రెండింటిని పూర్తిగా వేరుచేసి చూచుట సాధ్యము కాదు.

అల్పసంఖ్యాకులనగా ఎవరను విషయమున అంతర్జాతీయ న్యాయమునందు సర్వసమ్మతమైన నిర్వచనము లేదు. ఐక్యరాజ్యసమితి సాధారణసభ 1992 డిసెంబరు 18న ఆమోదించిన ప్రకటన జాతి, మత, భాషాపరములైన అల్పసంఖ్యాకుల హక్కులను పేర్కొన్నదే గాని వారెవరో నిర్వచింపలేదు. వివక్షకును పీడనమునకును గల భేదము తీవ్రతలో నున్నది: ప్రభుత్వము తానే హింసకు పూనుకొన్నను, పరులు పూనుకొనినపుడు రక్షణ కల్పింపకున్నను వివక్ష పీడనముగ మారును.

శాసనకర్తకును పీడితునకును గల సంబంధము మూడు విధములుగ నుండును. పీడితులు ఆ దేశమునుండి వలసపోయిన వారి సంతతి కావచ్చును. ఏకమతస్థులు లేక ఏకభాషీయులు కావచ్చును. ఏ బంధమును లేని వారును కావచ్చును. మొదటి రెండు సందర్భములలో సభ త్వరగా స్పందించును. మూడవ సందర్భమున స్పందన అరుదు, ఆలస్యము. ఇట్లగుటకు కారణము నియోజకవర్గము. ఓటరునకు పట్టని విషయమును సభ్యుడు నెత్తిన వేసికొనుట తక్కువ.

పూర్వచరిత్ర: ఐరోపా, అమెరికా

1876లో బల్గేరియా క్రైస్తవులపై ఉస్మానియా సేనలు జరిపిన హింసను గూర్చి, అప్పుడు ప్రధానిపదవిలో లేక కేవలము కామన్స్ సభ్యుడుగా నున్న గ్లాడ్‌స్టన్ వెలువరించిన కరపత్రము, విదేశీయ అల్పసంఖ్యాకుల ప్రశ్నను ఎన్నికల రాజకీయములోనికి తెచ్చిన తొలి ప్రసిద్ధ సంఘటనలలో ఒకటి. 1911లో అమెరికా ప్రతినిధిసభ, రష్యా అమెరికా పౌరులగు యూదులకు ప్రవేశానుమతులు నిరాకరించుచున్నదని ఆక్షేపించి, 1832 నాటి వాణిజ్య సంధిని రద్దుచేయవలెనని దాదాపు ఏకగ్రీవముగ తీర్మానించెను. ఆ సంధి రద్దయ్యెను. ఈ రెండింటిలో మొదటిది మాట, రెండవది వాణిజ్యము. తరువాతి నూరేండ్ల చరిత్రలో ఫలితము చూపిన ప్రతిస్పందనలు పెక్కింటికి రెండవదే మాతృక.

వలసపాలన నాటి భారత శాసనమండలి

భారత శాసనకర్తల ప్రతిస్పందన ప్రవాస భారతీయుల ప్రశ్నతో మొదలయ్యెను. 1860లో నేటాలునకు చేరిన తొలి కూలీల ఓడ మద్రాసునుండి బయలుదేరినదే. నాటినుండి విశాఖ, గోదావరి ప్రాంతములనుండియు, ఇతర తెలుగు జిల్లాలనుండియు పోయిన కూలీలు దక్షిణాఫ్రికా, మారిషస్, 1903 తరువాత ఫిజీ చెరకుతోటలలో ఒప్పందకూలీలైరి. ఒప్పందము ముగిసి అక్కడనే స్థిరపడిన వారిపై తలపన్ను, వ్యాపార నిరోధము, భూస్వామ్య నిషేధము ఒకదాని వెనుక ఒకటిగా వచ్చెను.

1910 ఫిబ్రవరి 25న గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ శాసనమండలిలో నేటాలునకు ఒప్పందకూలీల పంపకమును నిషేధింపవలెనని తీర్మానము ప్రతిపాదించెను. ప్రభుత్వము దానిని అంగీకరించి 1911 జూలై 1 నుండి పంపకమును నిలిపివేసెను. ఈ తీర్మానమునందలి యుక్తి గమనింపదగినది. నేటాలు ప్రభుత్వమును ఆజ్ఞాపించుటకు కలకత్తాలోని మండలికి అధికారము లేదు. మద్రాసు రేవునుండి కూలీలను పంపుటయా మానుటయా అనునది మాత్రము భారత ప్రభుత్వము చేతిలోనిది. తోటల యజమానులకు కావలసినది కూలీయే గనుక, ఆ కూలీనే గోఖలే పట్టుకొనెను. 1912లో అన్ని వలసదేశములకును ఈ పద్ధతిని రద్దు చేయవలెనని ఆయన తెచ్చిన తీర్మానము అధికార సభ్యుల ఓట్లతో వీగిపోయెను. 1916లో మదనమోహన మాలవీయుడు తెచ్చిన తీర్మానమును ప్రభుత్వము సూత్రప్రాయముగ ఒప్పుకొనెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలియున్న ఒప్పందములు రద్దయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున గోఖలే యుక్తియే శాసనరూపము దాల్చినది. భారతీయులపై తక్కిన దేశములు విధించు నిర్బంధములను ఆ దేశస్థులపై భారతదేశమున తిరిగి విధించుటకు 1943 నాటి పరస్పర ప్రతిచర్య చట్టము వీలు కల్పించెను. 1946లో దక్షిణాఫ్రికా ఆసియావాసుల భూస్వామ్య చట్టమును చేయగా, భారతదేశము ఆ దేశముతో వాణిజ్యమును నిలిపివేసినది; విషయమును ఐక్యరాజ్యసమితికి కొనిపోయినది. 1946 డిసెంబరు 8న సాధారణసభ 32 ఓట్లకు 15 ఓట్లతో భారతపక్షమును సమర్థించెను. ఇది దేశీయ వ్యవహారమను దక్షిణాఫ్రికా వాదము ఆనాడు చెల్లలేదు. అదే వాదమును తరువాతి కాలమున ఎన్నో ప్రభుత్వములు, సందర్భమునుబట్టి భారత ప్రభుత్వమును, వినిపించినవి.

ఈ వ్యాసమున తరువాత ఉదాహరణముగ గైకొనబడు, నాడు నిజాం సంస్థానమునందున్న చొప్పదండి మొదలగు కరీంనగర్ జిల్లా గ్రామములకు ఈ చర్చలలో ప్రాతినిధ్యము లేకుండెను. సంస్థానములకు కేంద్ర శాసనసభలో స్థానములు లేవు.

రంగూను, కోరంగీలు

కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి బర్మా పోయిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలని పిలిచెడివారు. రంగూను ఓడరేవులో బరువులెత్తు పని చాలవరకు వారిదే. 1930 మే నెలలో వారు సమ్మె కట్టగా, ఓడల కంపెనీలు బర్మావారిని పనిలోనికి తీసికొన్నవి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనికి రాగా బర్మావారిని పంపివేసిరి. దానిపై చెలరేగిన అల్లర్లలో చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలే. అప్పటికి బర్మా బ్రిటిషు ఇండియాలో అంతర్భాగము. కనుక ఇది శాస్త్రప్రకారము విదేశవిషయము కాదు. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయిన పిదప అదే ప్రజలు ఒక్క దినములో విదేశమందలి అల్పసంఖ్యాకులైరి. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వములు కుదుర్చుకొన్న వలస ఒప్పందము భారతీయుల ప్రవేశమును కఠినముగ నియంత్రించుటచే కేంద్ర శాసనసభలో తీవ్ర విమర్శకు గురియయ్యెను. అది అమలునకు రాకమునుపే జపాను దండయాత్ర వచ్చి, 1942లో లక్షలాది భారతీయులు కాలినడకను, ఓడలపైనను తరలివచ్చిరి.

1962లో నెవిన్ సైనిక ప్రభుత్వము ఏర్పడి, 1964లో దుకాణములను జాతీయము చేసి, పెద్ద నోట్లను రద్దుచేయగా మరల లక్షకు పైగా జనము తిరిగివచ్చిరి. ఈసారి శాసనకర్తల ముందున్న ప్రశ్న రక్షణ కాదు, పునరావాసము. విశాఖపట్నం కంచరపాలెమునందలి బర్మా క్యాంపు ఆ కాలపు జ్ఞాపకము. బర్మా, సిలోను కాందిశీకులకు అప్పులిచ్చుటకై 1969లో మద్రాసు కేంద్రముగ స్థాపింపబడిన సహకార బ్యాంకే నేటి రెప్కో బ్యాంకు. కేంద్రముతోపాటు ఆంధ్రప్రదేశ్ మొదలగు దక్షిణ రాష్ట్రముల ప్రభుత్వములు అందు వాటాదారులైనవి.

విభజన, తూర్పు బెంగాలు

1950 ఆరంభమున తూర్పు పాకిస్తానులో హిందువులపై జరిగిన హింసయు, దాని ప్రతిధ్వనిగ పశ్చిమ బెంగాలులో ముస్లిములపై జరిగిన హింసయు భారత పార్లమెంటునకు తొలి కఠిన పరీక్షలు. 1950 ఏప్రిల్ 8న నెహ్రూ, లియాకత్ అలీఖానులు చేసికొన్న ఒప్పందము ప్రకారము ఒక్కొక్క దేశము తన అల్పసంఖ్యాకుల రక్షణకు తానే బాధ్యత వహింపవలెను. ఇది చాలదని శ్యామాప్రసాద్ ముఖర్జీ, క్షితీశచంద్ర నియోగి మంత్రిపదవులను వదలుకొనిరి. ముఖర్జీ 1950 ఏప్రిల్ 19న పార్లమెంటులో చేసిన ప్రకటన, ప్రభుత్వ విధానమును లోపలినుండియే ఆక్షేపించిన శాసనకర్త వాణికి ఉదాహరణ.

సరిహద్దునకు ఆవలి వైపున జోగేంద్రనాథ మండల్ కలడు. షెడ్యూల్డ్ కులముల ఫెడరేషను బెంగాలు శాఖ నాయకుడును, నామశూద్ర కులజుడును అగు ఈయన పాకిస్తానునకు తొలి న్యాయశాఖామంత్రియై, అక్కడి అల్పసంఖ్యాకుల దుస్థితిని వివరించుచు 1950 అక్టోబరులో రాజీనామా చేసి భారతదేశమునకు వచ్చెను. ఆ ఫెడరేషను అభ్యర్థియగు ఎం. ఆర్. కృష్ణ 1952లో, అప్పుడు ద్విసభ్య నియోజకవర్గముగ నున్న కరీంనగరునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. రెండవ సభ్యుడు ప్రజాస్వామ్య ఫ్రంటునకు చెందిన బద్దం ఎల్లారెడ్డి. ఈ జిల్లాకు విదేశవ్యవహారములను చర్చించు సభలో ఓటరులెన్నుకొన్న ప్రతినిధి లభించినది అప్పుడే.

1971 మార్చి 31న ఇందిరాగాంధీ ప్రతిపాదింపగా పార్లమెంటు ఉభయసభలును తూర్పు బెంగాలు ప్రజలకు సానుభూతి తెలుపుచు ఏకగ్రీవ తీర్మానము చేసినవి. అది అల్పసంఖ్యాకులను మాత్రమే ఉద్దేశించినది కాకున్నను, ఆ సంవత్సరము వచ్చిన కాందిశీకులలో హిందువులే అధికసంఖ్యాకులు.

శ్రీలంక, పి. వి. నరసింహారావు

సిలోనులోని భారతసంతతి తోటకూలీల పౌరసత్వమును గూర్చి 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకేలు చేసికొన్న ఒప్పందము 9,75,000 మందిని లెక్కలోనికి తీసికొని, 5,25,000 మందిని భారతదేశమునకును 3,00,000 మందిని సిలోనునకును కేటాయించి, మిగిలిన 1,50,000 మంది ప్రశ్నను వాయిదా వేసినది; 1974లో వారిని రెండు దేశములును సగము సగము పంచుకొన్నవి. ఆ కూలీల అభిమతమునకు ఇందు చోటు స్వల్పము. శాసనసభల పరోక్షమున రెండు ప్రభుత్వములు కుదుర్చుకొన్న పరిష్కారములందు ఇట్టి లోపము తరచు కనిపించును.

1983 జూలైలో కొలంబోలో తమిళులపై హింస చెలరేగినపుడు విదేశాంగమంత్రి పాములపర్తి వేంకట నరసింహారావు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని వంగర ఆయన స్వగ్రామము. 1957 నుండి 1977 వరకు ఆ జిల్లాలోని మంథని శాసనసభ్యుడు. 1983 నాటికి హనుమకొండ లోక్‌సభ సభ్యుడు. పార్లమెంటు సమావేశములు జరుగుచుండగా, జూలై చివరి దినములలో ఆయనను ప్రధానమంత్రి కొలంబో పంపెను. తమిళనాడు సభ్యులు సైనిక జోక్యము కోరుచుండ, ప్రభుత్వము శ్రీలంక సార్వభౌమత్వమును అంగీకరించుచు మధ్యవర్తిత్వమును నెరపెను. నియోజకవర్గ సంబంధము లేని శాసనకర్త విదేశీయ అల్పసంఖ్యాకుల వ్యవహారమును నడిపిన సందర్భమిది. హనుమకొండ ఓటరులకు జాఫ్నాతో బంధుత్వము లేదు. తమిళ సభ్యుల ఆవేశమునకును విదేశాంగమంత్రి మితభాషిత్వమునకును గల వ్యత్యాసమునకు స్వభావమొక్కటే కారణము కాదనుటకు ఇది చాలును.

పార్లమెంటు సాధనములు

సభ్యునికి అందుబాటులోనున్న సాధనములలో ప్రశ్న అతిసామాన్యమైనది. దీనికి పదునైదు పూర్తి దినముల ముందుగ నోటీసు ఇయ్యవలెను. లోక్‌సభలో దినమునకు 20 నక్షత్రగుర్తు ప్రశ్నలు మౌఖిక సమాధానమునకును, 230 గుర్తులేని ప్రశ్నలు లిఖిత సమాధానమునకును ఎంపికయగును; ఎంపిక చీట్లమీద జరుగును గనుక సభ్యుని ఆతురతకును ప్రశ్న వచ్చు దినమునకును పొంతన ఉండదు. మిత్రదేశమును గూర్చి అమర్యాదగ ప్రస్తావింపరాదని నియమము కలదు; అందుచే పీడనము వంటి పదములు సచివాలయపు సవరణలో మృదువగుట సహజము. లిఖిత సమాధానములు సాధారణముగ ఒకే మూసలో నుండును: వార్తలను ప్రభుత్వము గమనించినది, ఆ దేశ ప్రభుత్వ దృష్టికి తెచ్చినది, తన పౌరులను రక్షించు బాధ్యత ఆ ప్రభుత్వముదే. మూసయైనను దీనికి విలువ కలదు. సంఖ్యలు అధికారికముగ నమోదగుట ఇచ్చటనే. 2024 డిసెంబరులో రాజ్యసభకిచ్చిన సమాధానమున, ఆ సంవత్సరము డిసెంబరు 8 వరకు బంగ్లాదేశమున హిందువులపైనను ఇతర అల్పసంఖ్యాకులపైనను 2,200 హింసాసంఘటనలు జరిగినట్లు విదేశాంగశాఖ తెలిపెను. ఢాకాలోని తాత్కాలిక ప్రభుత్వము ఆ సంఖ్య అతిశయోక్తి యనెను.

శూన్యకాల ప్రస్తావన, 377వ నియమము క్రింది ప్రస్తావన, సావధాన తీర్మానము, 193వ నియమము క్రింద ఓటింగు లేని స్వల్పకాలిక చర్చ, అనధికార సభ్యుల తీర్మానము తక్కిన సాధనములు. 1993లో శాఖల వారీగ ఏర్పడిన స్థాయీసంఘములలో విదేశవ్యవహారముల సంఘము అధికారులను పిలిచి ప్రశ్నింపగలదు, నివేదిక సమర్పింపగలదు. దాని సిఫారసులు ప్రభుత్వమును బంధింపవు.

రాష్ట్ర శాసనసభల స్థానము

రాజ్యాంగము ఏడవ షెడ్యూలునందలి కేంద్రజాబితాలో 10వ అంశము విదేశవ్యవహారములు, 17వది పౌరసత్వము, 19వది దేశప్రవేశ బహిష్కరణములు. కావున రాష్ట్ర శాసనసభ తీర్మానము అభిప్రాయప్రకటనమే. 2011 జూన్ 8న తమిళనాడు శాసనసభ శ్రీలంకపై ఆర్థిక ఆంక్షలు విధింపవలెననియు, 2013 మార్చి 27న ఈలమను ప్రత్యేక తమిళ రాజ్యముపై తమిళులలో ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెననియు తీర్మానించెను. కేంద్రము రెండింటిని అనుసరింపలేదు. అయినను ఢిల్లీలో సంకీర్ణ ప్రభుత్వములున్న కాలమున ఇట్టి తీర్మానములకు వాని శాసనవిలువకు మించిన బరువుండెను.

ఉమ్మడిజాబితాలోని 27వ అంశము ఇందులకు మినహాయింపు. భారత, పాకిస్తాను డొమినియనుల ఏర్పాటుచే స్వస్థలములు కోల్పోయినవారి సహాయ పునరావాసములు అందు చేరినవి. భూమి రాష్ట్రజాబితాలోనిది. కాబట్టి విదేశమున పీడితులైనవారు సరిహద్దు దాటి వచ్చిన పిదప, వారికి నీడ కల్పించు పనిలో రాష్ట్రమునకు నిజమైన పాత్ర కలుగును.

పౌరసత్వ సవరణ చట్టము, 2019 (చూ. పౌరసత్వము)

పాకిస్తాను, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తానులనుండి 2014 డిసెంబరు 31న గాని అంతకు ముందు గాని భారతదేశము ప్రవేశించిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులను అక్రమ వలసదారులుగ పరిగణింపరాదని ఈ చట్టము నిర్దేశించెను. సహజీకరణమునకు కావలసిన నివాసకాలమును వారికి 11 సంవత్సరములనుండి 5 సంవత్సరములకు తగ్గించెను. 2016 జూలైలో ప్రవేశపెట్టిన తొలి బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘ పరిశీలన పొంది, 2019 జనవరి 8న లోక్‌సభలో నెగ్గి, లోక్‌సభ కాలము ముగియుటతో మురిగిపోయెను. మరల 2019 డిసెంబరు 9న లోక్‌సభలో 311 ఓట్లకు 80 ఓట్లతోను, 11న రాజ్యసభలోను నెగ్గి 12న రాష్ట్రపతి ఆమోదము పొందెను. నియమములు 2024 మార్చి 11న వెలువడినవి. దరఖాస్తుల పరిశీలనలో జిల్లా కలెక్టరునకు మారుగ తపాలాశాఖ అధికారి అధ్యక్షతన జిల్లాసంఘమును, జనగణన సంచాలకుని అధ్యక్షతన రాష్ట్రస్థాయి సంఘమును ఏర్పరచుటచే, ఈ ప్రక్రియ రాష్ట్ర ప్రభుత్వముల చేతినుండి తప్పినది.

ఆ మూడు దేశములును రాజ్యమతముగ ఇస్లామును అంగీకరించినవనియు, అచ్చటి ముస్లిమేతరులకు భారతదేశము తప్ప వేరు శరణ్యము లేదనియు, విభజన నాటి బాధ్యతను ఈ చట్టము తీర్చినదనియు సమర్థకుల వాదము. పౌరసత్వమునకు మతము ప్రమాణమగుట రాజ్యాంగము 14వ అధికరణమునకు విరుద్ధమనియు, పాకిస్తానులోని అహ్మదీయులు, ఆఫ్ఘనిస్తానులోని హజారాలు, మ్యాన్మారునందలి రోహింగ్యాలు, శ్రీలంక తమిళులు పీడితులయ్యును విడువబడిరనియు విమర్శకుల వాదము. దరఖాస్తుదారుడు తాను వ్యక్తిగతముగ పీడింపబడినట్లు నిరూపింపనక్కరలేదు. మతము, దేశము, ప్రవేశతేది చాలును. సౌలభ్యము ఇందే కలదు, ఆక్షేపణకు తావును ఇందే కలదు.

తెలుగు ప్రాంతపు పక్షములు ఈ బిల్లుపై చీలిపోయినవి. తెలుగుదేశము, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు లోక్‌సభలో అనుకూలముగ ఓటువేసినవి. తెలంగాణ రాష్ట్ర సమితి, కాంగ్రెసు, మజ్లిస్ వ్యతిరేకించినవి. హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ సభలోనే బిల్లు ప్రతిని చించివేసెను. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రతిపాదించిన తీర్మానము ద్వారా ఈ చట్టమును పునఃపరిశీలింపవలెనని కేంద్రమును కోరెను. సభలోని ఏకైక భారతీయ జనతాపక్ష సభ్యుడు టి. రాజాసింగ్ వ్యతిరేకించెను.

చొప్పదండి నియోజకవర్గమును ఉదాహరణముగ గైకొన్నచో ఈ చీలిక స్పష్టమగును. చొప్పదండి, రామడుగు, గంగాధర, బోయినపల్లి, కొడిమ్యాల, మల్యాల మండలములతో కూడి, షెడ్యూల్డ్ కులములకు ప్రత్యేకింపబడిన ఈ స్థానము కరీంనగర్ లోక్‌సభ నియోజకవర్గములోనిది. 2018 డిసెంబరులో ఇచ్చటి ఓటరులు తెలంగాణ రాష్ట్ర సమితికి చెందిన సుంకె రవిశంకరును శాసనసభకు పంపిరి. అయిదు నెలలకే కరీంనగర్ స్థానమునుండి భారతీయ జనతాపక్షమునకు చెందిన బండి సంజయ్‌కుమార్ లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఒకే గ్రామపు ప్రతినిధులలో ఒకరి పక్షము చట్టమును చేసినది, ఒకరి పక్షము దానిని కాదన్నది. శాసనకర్త స్పందన నియోజకవర్గమును అనుసరించునని మొదట చెప్పిన సూత్రమునకు ఇది హద్దును చూపుచున్నది: సభ్యుని ఓటు తుదకు పక్షము విప్పు ననుసరించునే గాని గ్రామమును విచారించి పడదు.

ఇతర దేశముల శాసనసభలు

అమెరికా కాంగ్రెసు సాధనసంపత్తిలో అగ్రగణ్యము. 1974 వాణిజ్యచట్టములోని జాక్సన్–వానిక్ సవరణ, వలసపోవు స్వేచ్ఛనీయని సోవియట్ యూనియను వంటి దేశములకు వాణిజ్య సౌకర్యములను నిలిపివేసి, యూదుల నిర్గమనమును వాణిజ్యముతో ముడివేసెను. 1998 నాటి అంతర్జాతీయ మతస్వేచ్ఛా చట్టము వార్షిక నివేదికలకును ఒక స్వతంత్ర సంఘమునకును ఆధారమయ్యెను. 2021 డిసెంబరులో చేసిన వీగర్ నిర్బంధశ్రమ నివారణ చట్టము ప్రకారము, చైనాలోని షింజియాంగు ప్రాంతమునుండి వచ్చు సరకు నిర్బంధశ్రమతో తయారైనదనియే భావింపబడును. కాదని నిరూపించు భారము దిగుమతిదారునిది.

కెనడా కామన్స్ సభ 2021 ఫిబ్రవరి 22న షింజియాంగునందలి వీగర్ ముస్లిముల పీడనమును జాతిహననముగ ప్రకటించిన తీర్మానమును 266 ఓట్లతో, వ్యతిరేకముగ ఒక్క ఓటునైన లేక ఆమోదించెను. మంత్రివర్గము ఓటింగునకు దూరముగ నుండెను. వాక్కు సభదియై, దాని మూల్యము ప్రభుత్వము చెల్లింపవలసియున్నపుడు ఇట్టి విభజన కలుగును. ఆ మార్చిలో చైనా, బ్రిటన్ కామన్స్ సభ్యులు అయిదుగురిపైనను, ఐరోపా పార్లమెంటు సభ్యులు కొందరిపైనను ఆంక్షలు విధింపగా, ఐరోపా పార్లమెంటు చైనాతో పెట్టుబడుల ఒప్పందపు ఆమోదమును మే నెలలో స్తంభింపజేసెను.

భారతదేశము ప్రతివాదిగా

పరదేశమును గూర్చి తీర్మానించు సభ, తన దేశమును గూర్చి పరులు తీర్మానించునపుడు సామాన్యముగ సార్వభౌమత్వమును స్మరించును. 2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టముపై ఐరోపా పార్లమెంటు చర్చ చేపట్టగా, ఒక శాసనసభ మరియొక శాసనసభ నిర్ణయమునకు తీర్పు చెప్పుట అనుచితమని లోక్‌సభ స్పీకరు ఓం బిర్లా ఆ పార్లమెంటు అధ్యక్షుడు డేవిడ్ సస్సోలికి లేఖ వ్రాసెను, ఓటింగు వాయిదాపడెను. 2021 జనవరి 12న బ్రిటిషు పార్లమెంటు వెస్ట్‌మినిస్టర్ హాలు సమావేశములో భారతదేశమునందలి అల్పసంఖ్యాకులపై చర్చ జరిగెను. 2023 జూలై 13న మణిపూరు హింసపై ఐరోపా పార్లమెంటు చేసిన తీర్మానమును భారత విదేశాంగశాఖ వలసవాద మనస్తత్వమునకు నిదర్శనముగ త్రోసిపుచ్చెను. 1946లో దక్షిణాఫ్రికా చెప్పినదానికిని దీనికిని పోలిక ఎంతవరకు చెల్లునన్నది వివాదాస్పదము. ఒకచోట చట్టబద్ధమైన వర్ణభేదము, మరియొకచోట చట్టము నిషేధించిన హింస అను భేదమును భారతపక్షము చూపును, రక్షణ కల్పింపబడినదా యను ప్రశ్నను విమర్శకులు వేయుదురు.

ఉత్తర తెలంగాణ: గల్ఫు కూలీలు

చొప్పదండి, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతముల కుటుంబములకు విదేశమనగా మొదట స్ఫురించునది గల్ఫు. ఏజెంటు చేతిలో మోసపోవుట, జీతము ముట్టకపోవుట, పాస్‌పోర్టు యజమాని వద్ద చిక్కుకొనుట, శవము రాకకై నెలల తరబడి ఎదురుచూచుట ఇచ్చటి శాసనసభ్యుల కార్యాలయములకు నిత్యము వచ్చు విన్నపములు. ఇవి వలసకార్మిక సమస్యలే గాని అల్పసంఖ్యాకుల పీడనము క్రిందికి రావు, 1983 నాటి ప్రవాస చట్టము వీనికి వర్తించును (చూ. వలసకార్మికులు). అయినను శాసనకర్త సరిహద్దు దాటి ఏమి చేయగలడనుటకు ఒక సంఘటన పేర్కొనదగినది: నేపాలీ కావలివాని హత్యకేసులో దుబాయి జైలునందున్న సిరిసిల్ల ప్రాంతపు కూలీల విషయమున, ఆ నియోజకవర్గ శాసనసభ్యుడు కె. తారకరామారావు నేపాలు వెళ్ళి మృతుని కుటుంబమునకు పరిహారధనము అందజేసి క్షమాపత్రము సంపాదించెను. ఏండ్ల తరువాత, 2024లో వారు ఇల్లు చేరిరి. ఇందు సభకు పాత్ర లేదు, సభ్యునికి కలదు.

ఉత్తర తెలంగాణ: బెంగాలీ క్యాంపులు

తూర్పు పాకిస్తానునుండి వచ్చిన బెంగాలీ కాందిశీకులు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కాగజ్‌నగరు పరిసరములలో, ఇస్గాం, నజ్రుల్‌నగర్ మున్నగు గ్రామములలో స్థిరపడిరి. ఇప్పుడా ప్రాంతము కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాము పేరును స్ఫురింపజేయు గ్రామమున, మతకారణముచే ఇల్లు విడిచి వచ్చిన హిందూ కుటుంబములు నివసించుట యాత్రికులకు వింతగొల్పును. అచ్చటివారికి అది ఊరిపేరు మాత్రమే. ఇండ్లలో బెంగాలీ, సంతలో తెలుగు, హిందీ వినవచ్చును. ఈ కుటుంబములు చాలవరకు దశాబ్దముల ముందే వచ్చి స్థిరపడినవి గనుక పౌరసత్వమును గూర్చిన 2019 చట్టముతో వీరికి ప్రమేయము తక్కువ.

వీరి సమస్య వేరు. వీరిలో నామశూద్రులు గణనీయముగ నున్నారు. పశ్చిమ బెంగాలులో ఆ కులము షెడ్యూల్డ్ కులము. తెలంగాణ జాబితాలో అది లేదు. 341వ అధికరణము ప్రకారము కులజాబితా రాష్ట్రము రాష్ట్రమునకు వేరు. దానిలో కులమును చేర్చుటకు పార్లమెంటునకు మాత్రమే అధికారము కలదు, రాష్ట్రము సిఫారసు చేయగలదు. కావున జోగేంద్రనాథ మండల్ కులమునకే చెంది, ఆయన విడిచివచ్చిన ప్రాంతమునుండియే వచ్చిన కుటుంబపు బిడ్డకు కాగజ్‌నగరు తహసీలు కార్యాలయమున షెడ్యూల్డ్ కుల ధ్రువపత్రము లభింపదు. ప్రక్కనున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూరు జిల్లాలలో స్థిరపడిన ఇట్టి కుటుంబములదియు ఇదే కోరిక. ఆ రాష్ట్రజాబితాలోను నామశూద్ర కులము లేదు.